కప్పు లేని కచేరీ

తిమోర్ రాజధాని దిలీ నగరంలో ఆర్థిక శాఖ ఇప్పుడు పెద్ద మేడలో ఉంది. లిఫ్టు, ఏసీ, అద్దాల కిటికీలు, దేనికీ లోటు లేదు. దోమింగాస్‌కు మాత్రం ఆఫీసు అనగానే సముద్రం పక్కన సగం కాలిన పాత భవనమే కళ్లముందు మెదులుతుంది.

తిమోర్ కొత్తగా దేశమైన ఏడాది అది. అంతకుముందు దేశాన్ని వదిలిపోతూ ఊరు తగలబెట్టిన పరాయి సైనికులు ఆ భవనానికి గోడలు మాత్రం మిగిల్చారు. పైన టార్పాలిన్ కట్టుకుని, ఏ శాఖకు ఎంత డబ్బు ఇవ్వాలో ఆర్థిక శాఖవాళ్లు అక్కడే తేల్చేవారు. దోమింగాస్ అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల. పై అధికారి యూఫ్రాజియాను అందరూ అక్కా అనే పిలిచేవారు.

బడులు కట్టాలని ఒకరు, వంతెన కూలిందని ఇంకొకరు వచ్చి కూర్చునేవారు. ఎవరు అడిగేదీ అన్యాయం కాదు. అందుకే కాదనాలంటే దోమింగాస్‌కు నోరు పెగిలేది కాదు.

ఒకరోజు ఆరోగ్య శాఖ నుంచి అనక్లేతో వచ్చాడు. కొండ ఊళ్లలో కాన్పులు చేసే నర్సులకు మోటారు సైకిళ్లు కావాలన్నాడు.

"ఈ ఏటికి లేదన్నా. అంతా పంచేశాం," అంది దోమింగాస్.

అతను తలెత్తి పైకి చూశాడు. "మీ నెత్తిమీదే కప్పు లేదు. మిమ్మల్ని అడగడం నాదే బుద్ధితక్కువ!"

గదంతా గొల్లున నవ్వింది. యూఫ్రాజియా నవ్వలేదు.

"రేకులు వేయించడానికని మనకు కొంత ఉంచుకున్నాం కదే?" అంది.

"అక్కా, దాని జోలికి పోకు! రేపో మాపో వానలు."

"తడిస్తే ఆరిపోతాం. కొండమీద కాన్పు మనకోసం ఆగుతుందా?" అంటూ రేకుల పద్దు కొట్టివేసి, ఆ డబ్బు మోటారు సైకిళ్లకు రాసింది.

దోమింగాస్ మూతి ముడుచుకుంది. వానలు మొదలయ్యేదాకా అక్కతో ముక్తసరిగానే మాట్లాడింది.

ఓ మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. నీళ్ల బరువుకు టార్పాలిన్ కిందికి వేలాడుతుంటే దోమింగాస్ కోపంగా కర్రతో పైకి పొడిచింది. నీళ్లన్నీ గుమ్మంలో దబ్బున పడ్డాయి. సరిగ్గా అప్పుడే లోపలికి అడుగుపెట్టిన అనక్లేతో నిలువెల్లా తడిశాడు. చేతిలో మొక్కజొన్నలు, గుమ్మడికాయ ముక్కలు వేసి ఉడికించిన గంజి గిన్నె.

"మా ఆవిడ పంపింది," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "చిక్కగా ఉందని మీరే నీళ్లు కలిపారు!"

యూఫ్రాజియా పొట్ట పట్టుకుని నవ్వింది. దోమింగాస్ కూడా ఎంత బిగబట్టినా ఆగలేక పకపకా నవ్వేసింది. బల్లలన్నీ ఓ మూలకు జరిపి, ఆ గంజే అందరూ తాగారు.

యూఫ్రాజియా పోయి చాలాకాలమైంది. ఆ భవనం బాగుపడి ఇంకెవరికో ఆఫీసైంది. మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ దోమింగాస్ అటు వెళ్లింది.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు కాపలాదారు.

"ఎవరూ వద్దు నాయనా. ఒకప్పుడు ఇక్కడ పనిచేశాను."

అతను తలుపు తీశాడు. గది ఇంత చిన్నదా అనిపించింది ఆమెకు. ఉన్న రెండు కిటికీల్లో అక్క బల్ల దేని పక్కన ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కాసేపు రెంటి మధ్యా నిలబడి, కళ్లు ఒత్తుకుని బయటికి వచ్చింది.