మూడో తరం పురుగు

ఆదివారం పొద్దున్నే కడపలో బస్సెక్కాను. నందికొట్కూరు దాటి మా ఊళ్ళో దిగేలోపు మా అన్న ఉరుకుందుకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తితేగా!

నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. ఈ తరంలో పురుగులెన్నో తెలిస్తే వచ్చే తరంలో ఎన్నో చెప్పే సమీకరణాల మీద నా పరిశోధన. అవి సరళరేఖలో నడవవు, మహా మొండివి. తరం తరం లెక్కగట్టుకుంటూ పోకుండా, ఒక్క దూకులో జవాబిచ్చే ఉజ్జాయింపు పద్ధతి కనిపెట్టానని నాకు ఒకటే మిడిసిపాటు. ఆగస్టులో అన్న తన పత్తిచేలో పురుగుల్ని పట్టేందుకు పెట్టిన బుట్టల్లో ఎన్ని రెక్కపురుగులు పడ్డాయో చెప్పి, మందు కొట్టాలా అని అడిగాడు. సూత్రంలో వేసి చూసి, "వద్దన్నా, దసరాకు వాటంతటవే తగ్గుతాయి" అనేశాను.

నిన్న పరిశోధన పత్రికవాళ్ళు నా వ్యాసం తిప్పి పంపారు. సమీకరణంలో నేను చిన్నదని వదిలేసిన వర్గపదం నిజంగా చిన్నదేనా అని అడిగారు. విసుక్కుంటూ, అన్న చెప్పిన అంకెలతోనే తరం తరం చేత్తో చేశాను. మూడో తరానికి పురుగు తగ్గకపోగా నాలుగింతలైంది. పెద్ద అంకెకు వర్గం చిన్నదెలా అవుతుంది? నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తీరా చూస్తే అన్న చేను నిక్షేపంగా ఉంది.

"నా లెక్క తప్పన్నా."

"తెలుసులే. పురుగు కనపడంగానే మందు కొడితి. నువ్వు బాధపడతావని చెప్పలే."

"మరి ఫోనెందుకు ఎత్తలేదు?"

అన్న పక్క చేనివైపు చూశాడు. "కృపమణికి నీ మాట చెప్పింటి. ఆ యమ్మ కొట్టలే."

"నువ్వు కొట్టినట్టు ఆమెకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? నా చెల్లెలి మాట నేనే తీసేసినట్టయితాది గదా."

ఒళ్ళు మండిపోయింది. అన్నను ఏమనాలో తెలియక గట్టు దాటాను. కృపమణి రెండెకరాలు కౌలుకు చేస్తోంది. నేను అడగకముందే నాలుగు కాయలు తెంపి చీల్చి చూపించింది. నాలుగింటిలోనూ, మందు తగలని లోతులో, గులాబీ పురుగే.

"తప్పు నాదక్కా" అన్నాను.

"నేనొక్కదాన్నే అయితే పోనీలే అనుకుందును. అప్పుడే చర్చిలో లేసి సాక్ష్యం చెప్తినమ్మా, దేవుడే నీ లెక్క పంపినాడని. పదహారు ఇండ్లోళ్లు మందు మానుకున్యారు."

ఆమె గొంతులో కోపం లేకపోవడమే భరించలేకపోయాను.

"సాయంత్రం ఆరాధన ఉండాది. వచ్చి నువ్వే చెప్పు."

వెళ్ళాను. పాట అయ్యాక పాస్టరు దావీదురాజు నావైపు చూసి తలూపాడు. అందరూ కూర్చున్న చాపల మధ్య లేచి నిలబడ్డాను. ఎలాగో చెప్పాను: నేను ఉరుకుందు చెల్లెల్ని, నా లెక్క తప్పు, ఒకసారి సరిచూసుకోకుండా చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. వెనక వరుసలో ఒక పెద్దాయన మెల్లగా లేచాడు.

"ఇప్పుడు మందు కొడితే పంట నిలుస్తాదామ్మా?"

అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

"నిలవదు పెద్దాయనా" అన్నాను.