లింగం బావ చేని పురుగులు

డబ్బీకి ఒక పురుగే, రెండు వేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, పాశమైలారం రోడ్డులోని ఈ విత్తనాల కంపెనీ ల్యాబులో చేరిన మొదటిరోజే మేడం చెప్పింది, పురుగులకు కూడా వేరు కాపురాలా అని అప్పుడు సంగప్పకు నవ్వొచ్చింది, ఇప్పుడు అదే మేడం ఎదురుగా నిలబడి అడుగుతోంది, సంగప్పా, ఈ పచ్చపురుగులు తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగాయి, మందు మొహమే ఎరగవు, మరి విషాన్ని అరిగించే జన్యువు వీటి పొట్టలో ఇంత జోరుగా ఎలా పనిచేస్తోంది, తిండిని అరిగించే ఎంజైములతోనే మందును కూడా అరిగించుకుంటున్నాయి, ఇది చేలల్లో ఏళ్ల తరబడి మందు తిని బతికిన పురుగుకు ఉండాల్సిన గుణం, బయటి పురుగులు ఎక్కడైనా కలిశాయా, అని, గట్టిగా కూడా అనలేదు, తిట్టినా బాగుండేది.

కలవలేదు మేడం, మార్చిన, గీ చేతులతోనే మార్చిన, అనాలి, పోయిన ఏడాది దసరాకు ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడిలో పిల్లకు పుట్టెంట్రుకలు తీయించాలని, జల్దీ రా, బస్సు పోతది అని పెళ్లాం పుష్పమ్మ గేటు దగ్గరే కేకలు, కడిగిన డబ్బీలు లేవు, మూడు రోజులే కదా అని పురుగులన్నిటినీ ఒక్క ట్రేలో పోసి, ఇంత శనగపిండి మేత పెట్టి, మూతేసి పోయాడు, తిరిగొచ్చి తీస్తే తలలూ తోళ్లూ, మిగిలిన నాలుగూ సాయంత్రానికి నల్లబడి చచ్చాయి, అప్పుడే ఒక్క మాట చెబితే అయిపోయేది, కాంట్రాక్టు నౌకరీ పోతుందని భయం, హత్నూర బస్సెక్కి అక్క నర్సింహమ్మ వాళ్ల కందిచేలోకి పోతే, ఏంది సంగప్పా, మా పురుగులకు గూడ నౌకరీ ఇప్పిస్తున్నవా అని నవ్వి లింగం బావే డబ్బా నిండా ఏరిచ్చాడు, అన్నీ ఒక్కలాగే పచ్చగా ఉన్నాయి, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు, వాటికి రెక్కలొచ్చాయి, గుడ్లు పెట్టాయి, వాటి పిల్లలే ల్యాబు పురుగులైపోయాయి, ఛీ.

అంతటితో పోయినా బాగుండేది, ఈ ఏడు చేలల్లోని పురుగుకు మందు అలవాటైందో లేదో చూడాలని అదే బావ చేని పురుగులు తెప్పించి ల్యాబు పురుగులతో పోల్చారు, రెండూ ఒకే మోతాదుకు చచ్చాయి, అలవాటు కాలేదన్నారు, బావ పురుగులను బావ పురుగులతోనే పోలిస్తే తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆ సంగతి తెలిసినవాడు సంగప్ప ఒక్కడే, అయినా హత్నూర మీటింగులో మీవాళ్లకు అర్థమయ్యేలా నువ్వే చెప్పు అని కంపెనీవాళ్లు మైకిస్తే, మందు మంచిగ పనిచేస్తది, పరేషాన్ కాకుండ్రి అన్నాడు, ముందు వరసలో బావ తలూపి, మా బామ్మర్ది అని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు, ఏటా పాత చీర పరిచి కందిచెట్లు దులిపి పురుగులు ఏరిపారేసే అక్క, తమ్ముడే చెప్పిండు, ఇగ ఇదెందుకు అని ఆ చీర మడిచి పెట్టేసింది, నాలుగుసార్లు మందు కొట్టారు, కాయకొక చిల్లు తమ్మీ, లోపల గింజ లేదు అని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది, తలెత్తలేక తలెత్తలేక వాళ్లింటికి పోతే, నకిలీ మందు దొరికినట్టుంది సంగప్పా, నువ్వేం జేస్తవ్, అన్నాడు బావ, అక్క చాయ్ ఇచ్చింది, ఆ చాయ్ గొంతు దిగింది, అదెట్లా దిగిందో.

మళ్లీ మొదటినుంచి చేస్తాలే, నా చేతిలోనే ఏదో పొరపాటు జరిగుంటుంది అంటోంది మేడం, అచ్చం బావలాగే, తప్పును తమ మీద వేసుకుంటారు, దుకాణంవాడి మీద వేస్తారు గానీ సంగప్ప మీదికి మాత్రం రానివ్వరు, కిటికీలోంచి ఫ్యాక్టరీ కంపు, వచ్చే వారం శనగ రైతుల మీటింగు, శనగకూ ఇదే పురుగు, మళ్లీ అదే మందు, మళ్లీ అదే మైకు, ఇన్నాళ్లూ నౌకరీ పోతుందన్న భయంతోనే నోరు మూసుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు, ట్రే తెరిచిన రోజు అది నిజమే, మైకు పట్టుకున్న రోజు భయం ఎక్కడుంది, లేదు, ఊరంతా వింటుంటే, బావ తలూపుతుంటే బాగుంది, అబద్ధమని తెలిసీ బాగుంది, అదీ అసలు సిగ్గు. మేడం, మీ చేతుల తప్పు లేదు, అన్నాడు, గవి మన పురుగులు గావు, మా బావ చేన్లయి, నేనే తెచ్చి పెట్టిన, నౌకరీల ఉంచుండ్రి, తీసెయ్యిండ్రి, వచ్చే వారం మైకు మాత్రం నాకే ఇయ్యిండ్రి, గీ మాట రైతులకు గూడ నేనే చెప్త.