టలవేరా సంతకం

ఐదు నెలల తర్వాత రెడ్‌మండ్‌లో తన అపార్ట్‌మెంట్ తలుపు తీసిన నాగమల్లేశ్వరి, సూట్‌కేసులు గుమ్మంలోనే వదిలేసి నేరుగా హాల్లో షెల్ఫ్ దగ్గరికి వెళ్లింది. అద్దం స్టాండ్‌లో బేస్‌బాల్ కార్డు ఉంది. దాని మీద సంతకం మాత్రం లేదు.

ఆ కార్డు మీద బొమ్మ రూబెన్ టలవేరా అనే ఆటగాడిది. బేస్‌బాల్ రోజూ చూసేవాళ్లలో కూడా చాలామందికి ఆ పేరు గుర్తుండదు. సియాటిల్‌లో ఆరేళ్లు ఆడాడు, ఆడాడనడం కంటే బెంచ్ మీద కూర్చున్నాడనడమే నిజం. మల్లేశ్వరి అమెరికా వచ్చిన కొత్తలో కన్సల్టెన్సీ ఆమెని కూడా ప్రాజెక్ట్ ఇవ్వకుండా నాలుగు నెలలు బెంచ్ మీదే ఉంచింది. గెస్ట్‌హౌస్‌లో చేసేదేం లేక, రూల్స్ తెలియకుండానే మ్యాచ్‌లు చూసేది. ఒకరోజు ఎవరికో కాలు బెణికితే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో టలవేరాని దింపారు. గ్లవ్ సరిచేసుకుంటూ అతను పరిగెత్తుకొచ్చిన తీరు చూసి, ప్రాజెక్ట్ తనకే వచ్చినంత సంబరపడింది. ఆ వారమే అతని కార్డు ఒకటి కొంది. ఇప్పుడు ముప్పై ఎనిమిది ఉన్నాయి. సంతకం ఉన్నది ఇదొక్కటే, మిగతావి ప్లాస్టిక్ పేజీల బైండర్‌లో ఉంటాయి. అతను రిటైరైన ఏడాది స్టేడియం రెయిలింగ్ దగ్గర నిలబడి, పేరు అడిగి, నీలం స్కెచ్ పెన్‌తో 'టు మల్లి' అని రాసి సంతకం పెట్టిచ్చాడు. ఇంగ్లీషులో మల్లికి రెండు ఎల్‌లు ఉండాలి, అతను ఒకటి మింగేశాడు. ఆ తప్పంటే ఆమెకి మరీ ఇష్టం.

కార్డుని బయటికి తీసి లైట్ కింద పెట్టింది. టోపీ నీలం కూడా తనకి గుర్తున్నంత ముదురుగా లేదు. ఇది నా కార్డు కాదు, అనుకుంది. ఇలాంటిది, సంతకం లేనిది, ఏ కార్డుల షాపులోనైనా దొరుకుతుంది. ఎవరో తనది తీసుకుని దీన్ని పెట్టారు.

తాళం చెవి ఉన్నది ఒక్కరి దగ్గరే. ఉదయ్ దగ్గర.

ఉదయ్‌ది వరంగల్. ఒకప్పుడు ఒకే టీమ్‌లో పనిచేశారు. అతనికీ కార్డుల పిచ్చే, మ్యాచ్‌లకి కలిసే వెళ్లేవాళ్లు. వీసా స్టాంపింగ్‌కి రెండు వారాలని హైదరాబాద్ వెళ్లి ఆమె అక్కడే ఇరుక్కుపోతే, ప్రతి ఆదివారం వచ్చి మెయిల్ తీసి, మొక్కలకి నీళ్లు పోసింది అతనే. అయితే కిందటేడు అతనో మాటన్నాడు. "అక్కా, ఈ సంతకం కార్డు నాకియ్యరాదు, నా దాంట్లకెల్లి పది తీస్కో." నవ్వుతూనే అన్నాడు. ఇప్పుడా నవ్వు ఆమెకి వేరేలా గుర్తొచ్చింది.

మర్నాడు ఫోన్ చేసింది.

"నేను లేనప్పుడు ఇంటికి ఎవరైనా వచ్చారా, ఉదయ్?"

"ఎవ్వల్లేరక్కా. నేనే."

"కార్డులేమైనా తీశావా?"

ఒక్క క్షణం ఆగాడు. "ఒకసారి బైండర్ తీసి చూసిన. ఎందుకు?"

"ఊరికే."

ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగాడని ఆమె వారమంతా ఆలోచించింది. శనివారం లంచ్‌కి రమ్మని అతను మెసేజ్ పెడితే, తప్పు చేసినవాడు కాబట్టే ఇంత ప్రేమ అనుకుంది. వెళ్లింది మాత్రం తినడానికి కాదు.

ఉదయ్ ఇంటి వెనక పాటియోలో చికెన్ గ్రిల్ చేస్తున్నాడు. అతని భార్య కృతి వంటింట్లో పూరీలు వేయిస్తోంది. మల్లేశ్వరి హాల్లో ఒక్కతే ఉంది. లేచి అతని బైండర్ తీసి గబగబా పేజీలు తిప్పింది. చివరి పేజీలో టలవేరా ఉన్నాడు. నీలం సంతకంతో.

పేరు లేదు, సంతకమే ఉంది. పేరు తుడిచేశాడేమోనని కార్డు బయటికి లాగి కిటికీ దగ్గర పెట్టి చూస్తోంది.

"ఏం చూస్తున్నవక్కా?" ఉదయ్ ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదెప్పుడు కొన్నావు?"

"మార్చ్‌ల, కార్డ్ షోల. నీకు ఫొటో పంపిన గదా."

"నాకు గుర్తు లేదు. మా ఇంట్లో నా కార్డు ఎవరో మార్చేశారు. తాళం నీ దగ్గరే ఉంది."

వంటింట్లో ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది.

"నేనే తీసిన్నంటవా?"

"నేనేం అనలేదు."

"అంటున్నవ్." ఉదయ్ ప్లేటు కింద పెట్టి, జేబులోంచి కీచెయిన్ తీసి, ఆమె ఇంటి తాళం చెవి వేరు చేసి టేబుల్ మీద పెట్టాడు.

కృతి గరిటెతోనే బయటికొచ్చింది. "ఇరవై ఆదివారాలక్కా. ఒక్కటి కూడా మానలేదు నీ మొక్కల కోసం."

మల్లేశ్వరి తినకుండానే వచ్చేసింది. కార్‌లో కూర్చుని ఫోన్ వెతికితే మార్చ్‌లో ఉదయ్ పంపిన ఫొటో దొరికింది. 'అక్కా, మన టలవేరా!' అని. కింద తను పెట్టిన రెడ్ హార్ట్ కూడా ఉంది. ముఖం వేడెక్కింది. అయినా, ఇది అతనిదే కావచ్చు, నాది ఇంకెక్కడో దాచి ఉండొచ్చు కదా, అని ఇల్లు చేరేదాకా అనుకుంటూనే ఉంది.

సోమవారం ఆఫీస్ అయ్యాక కార్డుల షాపుకి వెళ్లింది. ఇది మార్చి పెట్టిన కార్డని ఎవరైనా తేల్చి చెబితే బాగుండుననిపించింది. షాపు నడిపే ముసలావిడ డోనా, కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, దొంగ కార్డులు పట్టుకోవడానికి వాడే చిన్న ఊదారంగు లైట్ వేసింది.

"దీన్ని ఎండలో పెట్టావా?" అంది.

"లేదు. షెల్ఫ్ మీద ఉంది."

"అయితే ఇలా వచ్చి చూడు."

మల్లేశ్వరి కౌంటర్ మీదికి వంగింది. ఊదా వెలుగులో సన్నని మరకలా అక్షరాలు కనిపించాయి. ఎం, ఏ, ఎల్, ఐ. ఒకే ఎల్. దాని కింద టలవేరా సంతకం.

"స్కెచ్ పెన్ ఇంక్‌కి ఎండ పడదు. కార్డు కూడా ఎంత వెలిసిందో చూశావుగా. దీన్నెవరూ మార్చలేదమ్మా" అంది డోనా.

మల్లేశ్వరి షాపులోనే నిలబడి ఉదయ్‌తో పాత మెసేజ్‌లు పైకి జరిపింది. జూన్‌లో తనే రాసింది: 'బాల్కనీ బ్లైండ్స్ తెరిచే ఉంచు ఉదయ్, లోపలి మొక్కలు చచ్చిపోతాయి.' పడమటి బాల్కనీ. వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది. షెల్ఫ్ సరిగ్గా ఎదురుగా ఉంది. ఉదయ్ చెప్పింది చెప్పినట్టు చేశాడు.

అటు నుంచి అటే అతని ఇంటికి వెళ్లింది. ఉదయ్ తలుపు సగం తీశాడు.

"కార్డు ఎవరూ మార్చలేదు. ఎండకి సంతకం వెలిసిపోయింది. బ్లైండ్స్ తెరవమన్నది నేనే" అంది. మళ్లీ తనే, "నిన్ను దొంగ అనుకున్నాను ఉదయ్. వారం రోజులు అదే అనుకున్నాను. తప్పయింది" అంది.

ఉదయ్ తలుపు పూర్తిగా తెరిచాడు. "పోనీ అక్కా. ఆ కార్డంటే నీకెంత పాణమో నాకు తెల్వదా. లోపలికి రా."

కృతి కాఫీ ఇచ్చింది. ముగ్గురూ ఆఫీసుల గురించి, కొత్త వీసా రూల్స్ గురించి మాట్లాడుకున్నారు. కార్డుల మాట ఎవరూ ఎత్తలేదు. తాగడం అయ్యాక, కప్పు సింక్‌లో పెడదామని మల్లేశ్వరి లేచింది. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లాలంటే బైండర్లున్న షెల్ఫ్ పక్కనుంచే వెళ్లాలి. ఆమె రెండడుగులు వేసేలోపు కృతి లేచి ఎదురొచ్చింది.

"కప్పు నాకివ్వండక్కా. మీరు కూర్చోండి."

ఇన్నేళ్లలో కృతి తనని 'మీరు' అనడం అదే మొదటిసారి. మల్లేశ్వరి కప్పు ఆమె చేతికిచ్చి, వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.