గొళ్ళెం అవతలి ఎండ

తలుపు సందులోంచి ఎండ వచ్చింది.

చెయ్యి వెడల్పు ఎండ. గచ్చు మీద మెల్లగా జరిగి జరిగి, నర్సమ్మ కాళ్ళ దాకా వచ్చింది.

నర్సమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఎండను చూసి కాళ్ళు వెనక్కి తీసుకోవడం! పాలమూరు మనిషి! రాజోలి పక్క నల్లరేగడిలో ఎండ తిని, ఎండ తాగి పెరిగిన మనిషి. వలస పోయిన చోటల్లా నడినెత్తిన ఎండ పెట్టుకుని కంకర తట్టలు మోసిన మనిషి. అలాంటి మనిషికి ఇప్పుడు ఎండ పడదట. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి.

బయట ఆటో స్టార్టయింది.

ఆ ఆటో డేవిడ్‌ది. డేవిడ్ ఆమె మొగుడే. విత్తనాల కోసం వేసే సీడు పత్తి పనికి పోయే ఆడవాళ్ళను పొద్దున్నే చేలకు చేర్చేది అతనే. వాడకట్టు ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుంటాడు. పెళ్ళానికి మాత్రం బయట గొళ్ళెం పెడతాడు.

టక్ — గొళ్ళెం.

తర్వాత ఆటో. తర్వాత దుమ్ము. తర్వాత... ఏమీ లేదు.

పోయిన ఏడు పూలకాలంలోనే ఆమె చేలో కూలబడింది. మగపువ్వు పుప్పొడిని ఆడమొగ్గ కొనకు రాస్తూ రాస్తూ, నిలబడ్డ చోటే కూలబడింది. గుండె ఒక దెబ్బ వేసి రెండు మరిచిపోయేది. మరిచిపోయినవన్నీ గుర్తొచ్చినట్టు ఒక్కసారే దబదబా కొట్టేది. గతుకుల దారిలో ఆటో ఎగిరినట్టు ఎగిరేది. కళ్ళు బైర్లు కమ్మేవి.

గద్వాలలో డాక్టరమ్మ గోళి రాసిచ్చింది. గుండె దెబ్బలు వరసలో పడే గోళి.

పడ్డాయి. అబ్బ, ఎంత బుద్ధిగా పడ్డాయి!

కానీ ఆ గోళి ఒంట్లో ఉంటే ఎండ నిప్పై పడుతుంది. ఎండకు పోవద్దమ్మా, పోతే గొడుగు పట్టుకో, అంది డాక్టరమ్మ.

పత్తిచేలో గొడుగా! ఒక చేత మొగ్గ, ఒక చేత మగపువ్వు. మూడో చెయ్యి ఏ దేవుడిచ్చాడు? పోనీ ఎండ దిగాక, మాపటేళ ఆడమొగ్గల్లోంచి పుప్పొడి గిల్లి పారేసే పనికైనా పోతానంది. ఒంటిపూట మనిషిని ఏ రైతు పిలుస్తాడు?

ఒకరోజు మాట వినకుండా పోయింది. సాయంత్రానికి ముఖం ఉబ్బింది. బుగ్గలు బొబ్బలెక్కాయి. పొక్కులు ఎండి, తోలు ఊడి, బొగ్గు రాసినట్టు నలుపు మిగిలింది. డేవిడ్ ఆ ముఖం చూసి ఏడ్చాడు. కొబ్బరినూనె రాస్తూ ఏడ్చాడు.

మర్నాడు గొళ్ళెం పెట్టాడు.

కొట్టే మొగుడైతే నాలుగు తిట్టి బయటపడొచ్చు. ఏడ్చే మొగుడిని ఏం చేస్తుంది?

పూలు మాత్రం ఆగవు. తెల్లగా విచ్చుకుంటాయి, మర్నాటికి ఎర్రబడతాయి, రాలిపోతాయి. మళ్ళీ పొద్దున కొత్తవి. చీకటి గదిలో నర్సమ్మ వేళ్ళు కొంగును గిల్లుతుంటాయి. మొగ్గ అనుకుని గిల్లుతుంటాయి.

పక్కింటి అలివేలమ్మ ఒకనాడు ఆటోలోంచే కేకేసింది. "ఏం ఒదినే, ఎండ కన్నెరుగని దొరసానివైతివి గద!"

ఆటో అంతా నవ్వింది. లోపల నర్సమ్మా నవ్వింది. ఆటో పోయింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆ వారమే మళ్ళీ గద్వాల పోయారు. ఒళ్ళంతా దుప్పటి చుట్టుకుని, ఆటో వెనక మూలన మూటలా కూర్చుంది.

డాక్టరమ్మ గీతల కాగితం చూసి మురిసిపోయింది. గుండె చక్కగా కొట్టుకుంటోంది, అంది. కాగితం పక్కన పెట్టి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మాట అడిగింది.

"ఈ వైద్యంతో నీకేం కావాలమ్మా?"

నర్సమ్మ నోరు తెరిచింది.

"మనిషి ఉంటె సాలు మేడం," అన్నాడు డేవిడ్. "ప్రభువు దయ."

నర్సమ్మ నోరు మూసుకుంది.

ఇంకో దారి ఉందని డాక్టరమ్మే చెప్పింది. హైదరాబాదులో... తొడ దగ్గరి నరంలోంచి సన్నని తీగ పంపి, గుండెలో తప్పు దెబ్బ పుట్టే చోటును కాల్చేస్తారట. కుదిరితే ఈ గోళి మానొచ్చు. కుదరకపోనూ వచ్చు. కొంత ప్రమాదమూ ఉంది. ఇంటికి పోయి ఆలోచించుకోండి, అంది.

కాల్చడం అన్న మాటకు డేవిడ్ లేచి నిలబడ్డాడు.

నర్సమ్మకు ఆశ పుట్టింది. లోపల చిటికెడు కాలితే, బయట ఎండంతా తనదే.

తిరుగుదారిలో రోడ్డుకు రెండు పక్కలా పత్తి. తెల్లపూలు. వంగిన వీపులు. వీపుల మీద ఎండ.

"ఇంజన్ సక్కగ నడుస్తుంటె ఎవడన్న ఇప్పుతడానే?" అన్నాడు డేవిడ్.

ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"ఏందే, నోరిప్పవు? నీకేం తక్కువ జేసిన?"

"ఇంజన్ సక్కగున్నదని బండిని షెడ్డుల వెట్టి తాళమేస్తరా?" దుప్పటిలోంచి అంది. "ఉట్టిగ నడిస్తె ఏం ఫాయిద? బండి యాడికన్న పోవద్దా?"

"నీకేమన్న అయితె నా గతేంది?"

"నాకేమన్న కావొద్దనే గద గొళ్ళెం వెడ్తున్నవు. అయింది. అయిందే గదా ఇది. నాకు ఎండ గావాలె."

డేవిడ్ ఆటోను రోడ్డు పక్కన ఆపేశాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆటో మాత్రం కదల్లేదు.

ఇంటికొచ్చారు. తిన్నారు. ఆమె గోళి మింగింది. పడుకున్నారు.

తెల్లారింది.

నర్సమ్మ చీర మీద మొగుడి పొడుగు చేతుల అంగీ తొడుక్కుంది. తలకు తువ్వాల చుట్టుకుంది. పత్తికి పోయే ఆడవాళ్ళందరి వేషమే. తలుపు వెనక నిలబడింది.

అవతల అలివేలమ్మ మాటలు. ఆటో ఇంజన్. డేవిడ్ చెప్పుల చప్పుడు... గడప దాకా వచ్చి ఆగింది. తలుపు కింద అతని కాళ్ళ నీడ.

గొళ్ళెం చప్పుడు లేదు.

ఆటో కదిలిన చప్పుడూ లేదు.

నర్సమ్మ ఎదమీద చెయ్యి పెట్టుకుంది. గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. చెప్పిన మాట వినే గుండె. ఆమెకు దానిమీద కోపం వచ్చింది.

తలుపు సందులోంచి ఎండ వచ్చింది.

చెయ్యి వెడల్పు ఎండ. గచ్చు మీద మెల్లగా జరిగి జరిగి, కాళ్ళ దాకా వచ్చింది...

నర్సమ్మ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.