చిన్న చిన్న మెరుగులు

చిన్నోడికి ముప్పై ఆరేళ్లు. నడినెత్తిన జుట్టు పలచబడి రెండేళ్లయింది, ఆఫీసులో నలుగురు అతన్ని సార్ అంటారు. అక్క నోట్లో మాత్రం ఇంకా చిన్నోడే, కాబట్టి మనకీ చిన్నోడే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క తన ఫోను తెచ్చి అతని ముందు పెట్టింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. పదకొండేళ్లుగా అంత పొడుగు బస్సుని ఎంత ఇరుకు మలుపులోనైనా గీత పడకుండా తిప్పుతోంది. అలాంటి మనిషి అరచేతిలో పట్టే ఫోను ముందు చేతులెత్తేసింది.

"ఒరే చిన్నోడా, ఈ ట్రైనింగు యాప్ మీ కంపెనీదే గదా. పన్నెండు పాఠాలు చదివి పరీక్ష రాసి పంపాలంట. మంగళవారం సాయంత్రంలోపు పంపకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వరు, బస్సులు కడగడానికి వేస్తారు. ఇరవైసార్లు రాశాన్రా. చివరికొచ్చేసరికి ఎలా పంపాలో తెలిసి చావట్లేదు. డిపోలో అందరూ పంపేశారు. నేనూ మా సీనియర్ డ్రైవరు పెద్దాయనా మిగిలాం."

చిన్నోడు చూశాడు. చూడగానే తెలిసిపోయింది. కిందటి వారం వదిలిన అప్‌డేట్‌లో అక్షరాలు పెద్దవి చేశారు. దాంతో చిన్న తెర ఉన్న ఫోన్లలో 'పంపండి' అనే బటన్ తెర అడుగంచు దాటి కిందికి జారిపోయింది. వేలితో ఎంత తోసినా పైకి రాదు. వదిలేముందు చిన్న ఫోనులో పెట్టి చూడాల్సిన పని అతనిదే. చూడలేదు. డ్రాయర్లో ఉన్న చిన్న ఫోనుకి ఛార్జింగు లేదు, ఛార్జరు వెతకడానికి అయ్యగారికి బద్ధకం. 'చూశాను' అన్న గడిలో టిక్కు పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"నీ ఫోను పాతదక్కా," అన్నాడు. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

"ఫోను కాదులేరా, నేనే పాతబడ్డాను." అక్క నవ్వబోయింది. పాఠాలన్నీ ఎత్తి రాసుకున్న నోటుబుక్కు తెచ్చి చూపించింది. ముఖ్యమైన ముక్కల కింద ఎర్ర గీతలు కూడా కొట్టుకుంది. "ఇంత రాసుకున్నా ఎక్కట్లేదు. నా బుర్రలో మట్టే ఉందేమో."

అక్కడ చెప్పేయాల్సింది. తప్పు మాదక్కా, నీది కాదు అంటే సరిపోయేది. ఇదే గదిలో బావ ముందు తన పనితనం గురించి ఎన్ని కోతలు కోశాడో గుర్తొచ్చి నీళ్లు నమిలాడు. "రేపు చూస్తాలే," అని తేలు కుట్టిన దొంగలా చెప్పులేసుకుని బయటపడ్డాడు.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్లి సరిచేశాడు. ఎంతసేపు పట్టిందంటారా? తెచ్చుకున్న టీ చల్లారేలోపు అయిపోయింది. అందరి ఫోన్లలోకి చేరేసరికి మాత్రం మంగళవారం ఉదయమైంది. కొత్త అప్‌డేట్‌లో ఏం మారిందో జనానికి ఒక ముక్క రాయాలి. 'బటన్ కనపడకుండా చేసింది మేమే, మన్నించండి' అని రాశాడు. చెరిపేశాడు. ఎప్పుడూ రాసేదే రాశాడు: 'చిన్న చిన్న మెరుగులు చేశాం.' అక్క గడువులోపు పంపేస్తుంది, ఎవరికీ నష్టం లేదు, ఇక చెప్పడం దేనికని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"పాసయ్యాన్రా! నూటికి తొంభై ఆరు! బటన్ అక్కడే ఉంది, ఇన్నాళ్లూ నా కళ్లకే ఆనలేదు. ఎంత మొద్దునో చూడు." అంతలోనే గొంతు తగ్గించింది. "పెద్దాయనే పాపం. నాలాగే ఆయనకీ పంపడం చేతకాలేదు. చదివింది తలకెక్కట్లేదు, స్టీరింగు వద్దని నిన్న సాయంత్రం సంతకం పెట్టి ఇచ్చేశాడు. ముప్పై ఏళ్ల సర్వీసురా. నేను ఆపలేదు. నా బుర్రా అంతంతే గదా, ఏ మొహం పెట్టుకుని ఆపను?"

చిన్నోడు కుర్చీలో కూర్చోలేకపోయాడు. ఆదివారం ఒక్క మాట అని ఉంటే సోమవారం పొద్దున అక్క డిపో అంతా చాటింపు వేసేది. ఆ సంతకం పడేది కాదు. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా మేనేజరు గదిలోకి వెళ్లి దొంగటిక్కు సంగతి చెప్పాడు, కడుపునిండా తిట్లు తిన్నాడు. తప్పు కంపెనీదేనని కాగితం రాయించుకుని నేరుగా డిపోకి వెళ్లాడు.

అక్క డ్యూటీ దిగి టీ తాగుతోంది. అంతా విని గ్లాసు కింద పెట్టింది.

"ఆదివారమే తెలుసా నీకు?"

"తెలుసక్కా."

"బుర్రలో మట్టి అని నన్ను నేను తిట్టుకుంటుంటే ఎదురుగా కూర్చుని విన్నావు."

రెండు తగిలించినా బాగుండు అనుకున్నాడు. అక్క చెయ్యెత్తలేదు.

"నా సంగతి తర్వాత. ముందు పద," అంది.

షెడ్డులో పెద్దాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పైపుతో బస్సు చక్రాలు కడుగుతున్నాడు. చిన్నోడు కాగితం చేతికిచ్చి మొత్తం చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు. క్షమించమని అడిగాడు.

పెద్దాయన నీళ్లు కట్టేశాడు. "అయితే నా బుర్ర బాగానే ఉందా బాబూ?"

"బాగానే ఉందండీ. మీ తప్పు ఇసుమంత కూడా లేదు."

పెద్దాయన చేతులు తుడుచుకుని కాగితాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. "ఇది డిపోవాళ్లకి నేను చూపించుకుంటాలే. కానీ నాకు మతి తప్పుతోందని ఇంట్లో చెప్పేశాను బాబూ. నిన్నటినుంచి మా ఆవిడ ముద్ద ముట్టలేదు. ఇప్పుడు నేను బాగానే ఉన్నానంటే ఊరికే ధైర్యం చెబుతున్నాననుకుంటుంది. నువ్వు చెప్పు."

తన ఫోను తీసి నంబరు నొక్కి చిన్నోడి చేతిలో పెట్టాడు. మొదటి రింగు పూర్తికాకుండానే అవతల ఎత్తారు.

"ఏవండీ, ఎక్కడున్నారు? ఇంటికి దారి గుర్తుందా?"