పసుపు ఉన్ని చుట్టిన పిడి

ఫోన్ మోగినప్పుడు నేను కిటికీ గూట్లో కొవ్వొత్తులు సర్దుతున్నాను. చేసింది సోల్వై, మా ఆయన ఎస్కిల్‌కి అక్క.

"టిల్డె, ఇవాళా రేపూ మాల్తె మీ దగ్గరే ఉంటాడు. ఓడెన్సలో పెళ్ళికి నేనూ మా ఆయనా మాత్రమే వెళ్తున్నాం."

మాల్తె సోల్వై కొడుకు, ఏడు నెలలవాడు. పుట్టినప్పటి నుంచి వాణ్ణి సోల్వై ఎవరికీ అప్పగించలేదు, తన కన్నతల్లికి కూడా. అలాంటిది పెళ్ళై పదకొండు వారాలే అయిన మాకు అప్పగిస్తోంది! ఉన్ని మేజోళ్ళతో వంటింట్లో గంతులు వేశాను. బంగాళాదుంపలు తొక్క తీస్తున్న ఎస్కిల్ తలెత్తి, "ఏంటే, లాటరీ తగిలిందా?" అన్నాడు.

"గంతులాపి విను," అంది ఫోన్లో సోల్వై. "బయట పడుకోబెట్టినప్పుడు పది నిమిషాలకోసారి వెళ్ళి నీ కళ్ళతో చూడాలి. ఆ మిషన్ని నమ్ముకోకు. అది ఊపిరి వినిపిస్తుంది అంతే, కాపలా కాయదు."

"ప్రమాణం చేస్తున్నా."

"మొన్న మీ పెళ్ళిలో చేసినట్టు పళ్ళికిలిస్తూ కాదు. నిజంగా చెయ్యి."

నిజంగానే చేశాను.

మా దీవిలో పిల్లలు పగలు బయటే నిద్రపోతారు, మంచు పడే రోజుల్లో కూడా. నాలుగ్గోడల మధ్య పడుకుంటే అది నిద్రే కాదంటుంది మా అమ్మ. పన్నెండింటికి మాల్తెకి రెండు ఉన్ని చొక్కాలు తొడిగి, పిల్లల్ని తిప్పే తోపుడు బండిలో పడుకోబెట్టి బాతు ఈకల బొంత కప్పాం. వాడి తల దగ్గర ఒక చిన్న యంత్రం పెట్టాం. దాని జోడీ నా జేబులో ఉంటుంది. వాడు కదిలినా, మూలిగినా అందులో వినిపిస్తుంది.

ఆరోజు తోటల సంఘం హాల్లో ఆపిల్ రసం తీస్తున్నారు. దారంతా చెట్ల నుంచి రాలిన పసుపు ఆకులు చీలమండ లోతున పడి ఉన్నాయి. నేను వాటిని తన్నుకుంటూ నడిచాను. కంచెల మీద కాసిన అడవి గులాబీ కాయలు ఎర్రగా నిగనిగలాడుతుంటే ఓ గుప్పెడు కోసి జేబులో వేసుకున్నాను. దారి మధ్యలో ఆగి, సంచిలోంచి పసుపు ఉన్ని ఉండ తీసి బండి పిడికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చుట్టాను.

"అదెందుకు?" అన్నాడు ఎస్కిల్.

"చేతికి వెచ్చగా ఉంటుంది. ప్రేబెన్ తాత వాళ్ళ పాప బండికి చుట్టి ఉంటుంది చూశావుగా, ఎర్ర ఉన్ని. పోయిన వారం చూసినప్పటి నుంచి మనసు పడ్డాను."

మా ఊళ్ళో బండ్లన్నీ ఒకేలా ఉంటాయి. నల్లవి, పెద్ద చక్రాలవి. ఒక ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయితే బండి ఇంకో ఇంటికి పోతుంది. హాలు పక్కన గాలి తగలని గోడ వెంబడి అప్పటికే ఆరు బండ్లు వరసగా ఉన్నాయి. మాది ఏడోది. గుమ్మానికి దగ్గరగా మొదట పెట్టాను, చూసి రావడం సులువని.

గుమ్మం పక్క బల్ల మీద ప్రేబెన్ తాత కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఓడలు కట్టిన వడ్రంగి. ఎనభై నాలుగేళ్ళు. మూడేళ్ళ నుంచి చూపు మసక. మనిషి ఎదురొస్తే నీడ కదిలినట్టు తెలుస్తుంది, అంతే.

"కొత్త పెళ్ళికూతురివేనా?" అన్నాడు. "ఊరవతల నుంచే వినపడుతోంది నీ నవ్వు."

"ఎవరి ముఖం ఎలా ఉందో చూడలేవు కాబట్టి నవ్వే గుర్తు పెట్టుకున్నావు తాతా," అన్నాను.

"ముఖాలకేముంది, ముడతలు పడతాయి."

లోపల అంతా దాల్చినచెక్క వాసన. ప్రతి బల్ల మీదా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. మూలన రసం మర గిరగిర తిరుగుతోంది. రసం పట్టే గూద్రున్ నాకో వేడి కప్పు చేతిలో పెట్టింది. యంత్రాన్ని బల్ల మీద పెట్టుకుని, మాల్తె ఊపిరి వింటూ కూర్చున్నాను. లోపలికి, బయటికి. పది నిమిషాలకి వెళ్ళి చూశాను. బుగ్గలు ఎర్రగా, నోరు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. మళ్ళీ పది నిమిషాలకి వెళ్ళాను. మళ్ళీ.

ఆ తర్వాత ఆపిల్ కేకు వచ్చింది, పైన మీగడతో. ఎస్కిల్ ముక్కు మీద మీగడ అంటింది. మా చలికాలం కట్టెలు ఎక్కడ పేర్చాలో, రెండో గదికి ఏ రంగు వేయాలో మాట్లాడుకున్నాం. ఆ రెండో గది ఎవరికోసమో ఇద్దరం పైకి అనలేదు. టేబుల్ కింద కాళ్ళు తగిలించుకుని నవ్వుకున్నాం.

"నీ మిషన్ చేపలు వేయిస్తోందా ఏంటి?" అంది గూద్రున్ పక్కనుంచి వెళ్తూ.

విన్నాను. ఊపిరి లేదు. సర్రుమనే ఒకటే మోత.

గడియారం చూశాను. నేను చివరిసారి బయటికి వెళ్ళి నలభై నిమిషాలైంది.

తలుపు తీసేసరికి బయట లోకం లేదు. సముద్రం మీంచి పొగమంచు ఎక్కి వచ్చి తోటల్ని మింగేసింది. గోడ మాత్రం కనిపించింది. గోడ వెంబడి బండ్లు కనిపించాయి. మొదటి చోటు ఖాళీగా ఉంది. తడి ఆకుల్లో రెండు చక్రాల గీతలు దారిలోకి పోయి మంచులో కలిసిపోయాయి.

ఒకటి, రెండు, మూడు అని బండ్లు లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. వెనకాలే వచ్చిన ఎస్కిల్ ఖాళీ చోటు చూసి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"మాల్తె లేడు!" అని హాల్లోకి కేక పెట్టింది ఎస్కిలే. నేను కాదు.

లోపలి వాళ్ళందరూ ఒక్కసారిగా బయటపడ్డారు. ప్రతి తల్లీ తన బండి దగ్గరికి పరిగెత్తి, కప్పు ఎత్తి, బిడ్డను గుండెకి హత్తుకుంది. ఒకరి తర్వాత ఒకరు అయిదుగురు. ఆరో బండి దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. అందులోంచి చిన్న ఏడుపు మొదలైంది. కప్పు ఎత్తాను. ఎర్ర జుట్టు పాప ఒకతి నన్ను కోపంగా చూసింది.

"ఇది మా సిఫ్!" అంది గుంపులోంచి మారెన్. మారెన్ ప్రేబెన్ తాత మనవరాలు, సిఫ్ ఆమె కూతురు. ఆమె ముఖం తెల్లబోయింది. "ఇది ఇక్కడెందుకుంది? తాత దీన్ని షికారు తిప్పడానికి తీసుకెళ్ళాడు కదా. ప్రతి శనివారం తీసుకెళ్తాడు."

ఆమె వంగి బండి పిడి తడిమింది. ఎర్ర ఉన్ని ఉంది. నేను మా బండికి పసుపు చుట్టాను. కళ్ళున్నవాళ్ళకి తేడా రంగులోనే. తాతకి రంగుతో పనేముంది?

"ఫోన్ చెయ్యి ఆయనకి," అన్నాడు ఎస్కిల్.

"ఫోన్ వంటింటి సొరుగులో ఉంటుంది. వాడితే అరిగిపోతుందట." నవ్వబోయి ఏడ్చేసింది మారెన్. "సముద్రం ఒడ్డున తన గుడిసెకి పోతాడు. రేవు గట్టు మీదుగా."

రేవు గట్టుకి కంచె లేదు. అక్కడ నీళ్ళు ఓడలు నిలబడేంత లోతు. ఆ సంగతి అందరికీ తెలుసు. సిఫ్‌ని గూద్రున్ చేతుల్లో పెట్టి మారెన్ మాతో పరిగెత్తింది.

మంచులో మూడడుగుల దూరం కూడా కనిపించడం లేదు. చక్రాల గీతలు రాళ్ళ బాట రాగానే మాయమయ్యాయి. గట్టు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కాళ్ళతో వెతుక్కుంటూ నడిచాం. "తాతా!" అని మారెన్ అరిస్తే ఆ అరుపు దూదిలో పడ్డట్టు ఆగిపోతోంది. ఎక్కడో ఓడ బూర ఒకసారి మూలిగింది. నా చేతిలో యంత్రం సర్రుమంటూనే ఉంది. దాన్ని చెవికి ఎంత గట్టిగా అదుముకున్నానంటే చెవి నొప్పి పుట్టింది. పది నిమిషాలకోసారి అన్న సోల్వై గొంతు తప్ప తలలో ఇంకేమీ లేదు.

గట్టు అంచున ఎస్కిల్ ఆగిపోయాడు. కింద నీళ్ళ మీద పసుపు పచ్చగా ఏదో మెల్లగా ఊగుతోంది.

ఎస్కిల్ బోర్లా పడుకుని, చెయ్యి చాచి నీళ్ళలో కలియబెట్టాడు. ఎంతసేపో. చివరికి పిడికిలి పైకెత్తి తెరిచాడు. పసుపు ఆకులు. గాలి ఓ మూలకి తోసిన రాలుటాకులు, అంతే.

అప్పుడే నా చెవిలో యంత్రం సర్రుమనడం ఆగింది. ముక్కలు ముక్కలుగా ఒక చప్పుడు వచ్చింది. నీటి చప్పుడు. అలలు దేన్నో తడుతున్న చప్పుడు.

"నీళ్ళు," అన్నాను. "వాడి దగ్గర నీళ్ళు."

మళ్ళీ విన్నాను. అలకీ అలకీ మధ్య ఇంకో చప్పుడు ఉంది. లోపలికి, బయటికి. చాలా సన్నగా.

"ఊపిరి!"

యంత్రాన్ని ముందుకు చాచి నడిచాను. కుడికి తిరిగితే సర్రుమంటోంది. ఎడమకి తిరిగితే ఊపిరి. గట్టు దిగి గులకరాళ్ళ మీదికి వచ్చాం. అడుగడుగుకీ ఊపిరి దగ్గరవుతోంది, అలలూ దగ్గరవుతున్నాయి. ముందు కట్టెల పొగ వాసన వచ్చింది. తర్వాత ఒక పసుపు చుక్క కనిపించింది. కిటికీలో కొవ్వొత్తి. ఆ కిటికీ కింద, గాలి తగలని పక్కన, నల్ల బండి. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి ఉన్నాయి.

కప్పు ఎత్తాను. మాల్తె ముక్కు కింద వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. వాడు నిద్రలోనే మూతి ముడిచి, తల అటు తిప్పుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "మెల్లగా, మెల్లగా," అన్నాడు ప్రేబెన్ తాత కాఫీ కప్పుతో. "పాప పడుకుంది. ఇంత మంది ఎందుకొచ్చారు?"

"అది పాప కాదు తాతా!" మారెన్ గొంతు చీరుకుపోయింది. "అది మాల్తె. సిఫ్ హాలు దగ్గరే ఉంది. ఈ మంచులో, ఆ గట్టు మీద, వేరేవాళ్ళ బిడ్డతో..."

"గట్టు మీద యాభై రెండు అడుగులు, ఎడమకి తిరగాలి. ఎప్పుడూ తప్పలేదు. ఇవాళా తప్పలేదు." ఆయన కాఫీ కప్పు గుమ్మం మీద పెట్టాడు. "చేతికి ఉన్ని తగిలింది. తీసుకొచ్చాను." అరచేతులు తడుముకుంటూ చాలా చిన్నగా అన్నాడు. "నా చేతులు కూడా మసకబారాయా?"

"నేనే చుట్టాను తాతా," అన్నాను. "మీ బండి చూసి ముచ్చటపడి చుట్టాను. పది నిమిషాలకోసారి చూస్తానని చెప్పి నలభై నిమిషాలు కేకు తింటూ కూర్చున్నాను."

ఆయన వచ్చి బండి పిడి మీద చెయ్యి వేసి, ఉన్ని చివరి దాకా తడిమాడు. "బాగా చుట్టావు," అన్నాడు. "ఇక నేను ఏ బండీ ముట్టుకోను."

లోపల పొయ్యి ముందు మారెన్ ఆయన భుజాలకి దుప్పటి కప్పింది. తిట్టడం అయిపోయింది. ఎస్కిల్ తడి చొక్కా ఆరబెట్టుకుంటున్నాడు. నేను బయటే ఉన్నాను, పిడి వదలకుండా. అప్పుడే నా ఫోన్ మోగింది.

"ఎలా ఉన్నాడు?" అంది సోల్వై. వెనకాల పెళ్ళి పాటలు.

కిటికీలోంచి ఎస్కిల్ నన్ను చూశాడు. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నీళ్ళ మీద ఆకులు కూడా దాచలేదు. అవతల పాటలు ఆగిపోయాయి. తలుపు మూసుకుని పక్కకి వచ్చినట్టుంది. చాలాసేపు ఆమె ఊపిరి మాత్రమే వినిపించింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"తాత గుడిసె బయట. నిద్రపోతున్నాడు."

"నువ్వో?"

"పక్కనే. చెయ్యి తియ్యలేదు."

"తియ్యకు." ముక్కు చీదింది. "ఇప్పుడే వచ్చేద్దామంటే ఇవాళ్టికి ఇంకో ఓడ లేదు. రేపు రెండింటి ఓడకి వస్తాం. ఆ తాత ఏడుస్తున్నాడా?"

"లోపల కూర్చున్నాడు. ఇక బండి ముట్టుకోనన్నాడు."

"నాకు బండి తోయడం నేర్పింది ఆయనే," అంది సోల్వై. "ఎస్కిల్‌ని పడుకోబెట్టి నా చేత తోయించేవాడు. నీ మీద నా కోపం రేపటికి కూడా తగ్గదు, చెప్తున్నా. అయినా ఒడ్డుకి రాగానే నేరుగా ఆ గుడిసెకే వస్తాను. కాఫీ పెట్టి ఉంచమను."

ఫోన్ పెట్టేసి లోపలికి తొంగి చూశాను. ముగ్గురూ నా వైపు తిరిగారు.

"రేపు ఒంటిగంటకి మాల్తె ఇక్కడే నిద్రపోతాడు," అన్నాను. "పిడికి ఉన్ని ఉండదు, ఇవాళే విప్పేస్తాను. గట్టు మీద బండి తాతే తోస్తాడు. ఎస్కిల్ నీళ్ళ వైపు నడుస్తాడు, నేను ఇటు వైపు పిడి పట్టుకుంటాను. రెండింటికి సోల్వై వస్తుంది. అప్పటి దాకా ఈ బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కాఫీకి కూడా లోపలికి రాను."

"వాన పడితే?" అన్నాడు ఎస్కిల్.

"గొడుగు తెచ్చుకుంటాను. రెండు."