నాలుగు మూలలు

చెప్పులు బయటే విడవాలా ఏమిటి, గడప పక్కనే బీడీలకు తడిపిన తునికాకు గోనెసంచిలో చుట్టి పెట్టి ఉంది, తొక్కితే వెంకటవ్వ ఏమంటుందో, అయినా పదకొండు రోజుల కింద మనిషి పోయిన ఇంటికొచ్చి చెప్పుల గురించి ఆలోచిస్తున్నానేమిటి నేను, దా బిడ్డా కూసో అంటోంది, చాప వేసింది, కూర్చున్నాను, మోకాళ్లు పట్టేశాయి, ఇరవై ఏళ్లుగా బోధన్‌లో మందుల షాపు నడుపుతున్నాను, ఫార్మసీ పట్టాకు అద్దం కట్టించి గోడకు వేలాడదీశాను, ఒక్క గిరాకీ ఇంట్లోనూ ఇలా చాప మీద కూర్చున్న పాపాన పోలేదు, కౌంటర్‌కు ఇవతల నేను, అవతల వాళ్లు, అంతే, నిన్న ఈమె షాపుకొచ్చి మా ముసలాయన గోలీలు మిగిలినయ్, నాకు సుత షుగరే అన్నడు డాక్టరు, గవే మింగనా అని అడక్కపోతే ఈరోజూ వచ్చేవాణ్ని కాదు, ఒకరి గోలీలు ఇంకొకరు మింగొద్దవ్వా, రేపు నేనే ఇంటికొచ్చి చూస్తా అని ఏదో మాట వరసకు అన్నాను, నిజంగానే వస్తడా అన్నట్టు చూసింది, ఆ చూపుకు రోషం వచ్చింది, అందుకే వచ్చాను, పోయిన ఆమె మొగుడు భోజన్న మీద ప్రేమతో వచ్చానని చెప్పుకుంటే అబద్ధం.

ఒళ్లోంచి బీడీల చాట పక్కకు దించింది, దారపు రీలు, జర్దా, కత్తెర తీసి కింద పెట్టింది, అటక మీది రేకు డబ్బా తెచ్చి గోలీలన్నీ ఆ చాటలోనే గుమ్మరించింది, జర్దా ఘాటు ముక్కుకు ఎక్కింది, ఇవన్నీ నా చేతి మీదుగా పోయినవే, ఎర్రవి కాళ్ల మంటకు, తెల్లవి షుగరుకు, భోజన్నకు చూపు పోయి రెండేళ్లు, షుగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పాకం దగ్గర చేసిన మనిషి, షాపు మెట్టు మీద కూర్చుని నేనిచ్చిన గోలీల పట్టీ అంచులు బొటనవేలితో తడిమేవాడు, ఎందుకంటే నా దగ్గర ఒక గుర్తుంది, చదువురాని వాళ్ల కోసం నేనే కనిపెట్టాను, గోలీల పట్టీకి ఒక మూల కత్తిరిస్తే రోజుకు ఒకటి, రెండు మూలలు కత్తిరిస్తే రెండు, మూడైతే మూడు, ఎంత తెలివి, ఎంత సులువు, మందుల కంపెనీ మనిషి వచ్చినప్పుడల్లా గొప్పగా చెప్పుకునేవాణ్ని, ఊళ్లో నలభై మంది ముసలివాళ్లు నా కత్తెర మాటే వింటారు తెలుసా అని, భోజన్నయితే కండ్లు పోతె పోయినయ్ గని డాక్టర్ సాబ్, నా బొటనేలు సదువుతది అనేవాడు, డాక్టర్ సాబ్ అంటే నాకు లోపల హాయిగా ఉండేది, నేను డాక్టర్ని కాదని ఒక్కసారైనా చెప్పలేదు, పోయిన వానాకాలం డాక్టరు షుగర్ గోలీ ఒకటి నుంచి రెండు చేస్తే నోటితో చెప్పనుకూడా లేదు, ఇంకో మూల కత్తిరించి చేతిలో పెట్టాను, తడిమి, గీ సారి రెండా అన్నాడు, గిరాకీ ఎక్కువుంది, విసుగొచ్చింది, నా కత్తెర ఎంత చెప్తే అంత మింగు భోజన్నా, ఎక్కువ తక్కువ అడగకు అన్నాను, సరే అన్నాడు, ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఇదేమిటి, ఈ పట్టీ ఇలా ఉందేమిటి, తెల్ల గోలీల పట్టీని వేళ్ల మధ్య తిప్పుతున్నాను, నాలుగు మూలలూ లేవు, గుండ్రంగా, శుభ్రంగా, ఒకే కొలతలో కత్తిరించి ఉన్నాయి, రెండో పట్టీ తీశాను, అదీ అంతే, ఎర్రవీ అంతే, నేను కత్తిరించేది ఇలా ఉండదు, నాది మొరటు కత్తెర, ఇది ఆకు కత్తిరించే చెయ్యి, రోజుకు వెయ్యి బీడీలకు ఆకు కోసే చెయ్యి, అవ్వా ఇవెవరు కత్తిరించారు అని అడిగాను, నేనే బిడ్డా అంది, గీ రేకు మూల గుచ్చుకొని ముసలాయన వేలికి రకతం కారింది, షుగర్ మనిషికి పుండయితె మానదని నువ్వే అంటివి గద, గందుకని ఆయన పోకముందు సోమారం తెచ్చిన గోలీలన్నిటికి మూలలు నున్నగ తీసేసిన, ఆయనకు చెప్పలే, చేతిల పెడితె మెత్తగున్నయని ఆయనకే తెలుస్తది గద అనుకున్న, ఇక నాకు వినబడలేదు, గోలీలు లెక్కపెడుతున్నాను, ఆ సోమవారం తెల్లవి ముప్పై ఇచ్చాను, పద్దెనిమిది మిగిలాయి, మళ్లీ లెక్కపెట్టాను, పద్దెనిమిదే, గురువారానికి మనిషే లేడు, మూడు రోజులకు ఆరు పోవాలి, పన్నెండు పోయాయి, రోజుకు నాలుగు, అయ్యో భోజన్నా, తడిమి ఉంటావు, నాలుగా అని ఒక్క క్షణం ఆగి ఉంటావు, అడగొద్దన్నాడు గద అని మింగి ఉంటావు, ఈ ముసలామె కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయినప్పుడు ఒక్కడివే కూర్చుని.

బయట చెరుకు బండ్లు పోతున్నాయి, ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన, ఈ సీజన్లో ఊరంతా ఇదే వాసన, వెంకటవ్వ ఆగకుండా చెప్తోంది, అడక్కుండానే చెప్తోంది, బేస్తారం పొద్దుగాల మంచిగనే ఉండె, పగటీలి అన్నం తినంగనే చెమటలు, చేతులు గజగజ, ఆకలైతందే అన్నడు, గిప్పుడే తింటివి గద అన్న, గింత చక్కెర నోట్లె ఎయ్యవే అన్నడు, ముప్పై ఏండ్లు చక్కెర జేసినోణ్ని, గింత ఎయ్యవే అని చెయ్యి జాపిండు, నేను ఎయ్యలే బిడ్డా, చక్కెర నీకు విషమని నువ్వు షాపుల ఎన్నిసార్లు చెప్తివి, నేను మరువలే, చక్కెర డబ్బా తీసి అటక మీద పెట్టిన, ఏందేందో మాట్లాడిండు, ఫ్యాక్టరీల సైరన్ కూసింది పోవాలె అన్నడు, పండుకున్నడు, గురక పెట్టిండు, నిద్ర మంచిగ పట్టిందని బీడీలు జేసుకుంట కూసున్న, దీపం పెట్టే యాళ్లకు లేపితే లేవలే, గుండె ఆగిందన్నడు డాక్టరు, అని ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని నా మొహంలోకి చూసింది, నేను మంచిగనే సూసుకున్న గద బిడ్డా.

ఒక్క చెంచా చక్కెర, నీళ్లలో కలిపి తాగిస్తే బతికేవాడు, బోధన్‌లో, చెరుకు బండ్లు ఇంటి ముందు నుంచి పోతుంటే, చెంచా చక్కెర లేక పోయాడు, గోలీ ఎక్కువైతే షుగర్ పడిపోతుందని, చెమట పడితే వెంటనే తీపి పెట్టాలని నేను ఏనాడైనా చెప్పానా, లేదు, చక్కెర విషం అని మాత్రం చెప్పాను, అది చెప్పడం తేలిక, బాగానే చూసుకున్నావవ్వా, నీ తప్పేం లేదు, షుగర్ ముదిరింది, గుండె ఆగింది, అన్నాను, ఎంత తొందరగా వచ్చిందో అబద్ధం, ఆమె భుజాలు కిందికి దిగాయి, నా భుజాలూ దిగాయి, ఈ పట్టీలు సంచిలో వేసుకుని పోయి పారేస్తే సరి, ఎవరికీ తెలియదు, ఆమె బతికినన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది, నేను చేస్తున్నది దయే, దయే అని నాకు నేను చెప్పుకుంటూ చాటలోవి ఏరుతున్నాను, ఆమె చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుని కత్తెర తీసుకుంది, పక్కింటి సాయవ్వకు సుత నిన్ననే కత్తిరించి ఇచ్చిన బిడ్డా అంది, మామూలుగా, ఆమెవి సుత నీ దగ్గరి షుగర్ గోలీలే, నున్నగ మంచిగున్నయని సంబరపడ్డది.

సాయవ్వ, ఒక మూల, రోజుకు ఒకటి, నేనే నేర్పాను, వేలు పట్టుకుని నేర్పాను, గోడకు అవతల ఎవరో దగ్గుతున్నారు, ఆమేనా, ఆమె దగ్గే, బతికే ఉంది, సాయవ్వా ఆ గోలీలు మింగకు, నేనొస్తున్నా అని అరిచాను, ఆఁ అంది గోడ అవతల నుంచి, గవి ఇంకా మింగలే అంది, పద్మనగర్‌లో, గాంధీ గల్లీలో, ఇంకా ముప్పై ఎనిమిది ఇళ్లు, ప్రతి ఇంట్లో ఒక చాట, ప్రతి చాటలో ఒక కత్తెర, ఇది నాకెందుకు తట్టలేదు, ఏమైంది బిడ్డా అంటోంది వెంకటవ్వ, సాయవ్వ పట్టీలు లాక్కుంటే ఈమెకు అర్థం కాదా, అవుతుంది, ఎవరో చెప్తే అవుతుంది, నా నోటితోనే కావాలి, అవ్వా, మూల అంటే లెక్క, ఒక మూల ఒక గోలీ, రెండు మూలలు రెండు, ఆ లెక్క నేను పెట్టాను, భోజన్నకు చెప్పాను, నీకు చెప్పలేదు, తప్పు నాది అన్నాను, ఆమె నా చేతిలోంచి పట్టీ తీసుకుంది, బొటనవేలితో అంచు వెంబడి తడిమింది, ఒక మూల, రెండు, మూడు, నాలుగో దాని మీద వేలు ఆగింది, కత్తెర ఒళ్లోంచి జారి చాప మీద పడింది, తీసుకోలేదు, తప్పు నాదని ఎంత గట్టిగా చెప్పినా అందులో సగం ఆమెకే పోయింది, బతికినన్నాళ్లు ఉంటుంది, వెనక్కి తీసుకోలేను, లేచాను, సాయవ్వ ఇంటికి పోవాలి, తర్వాత పక్కిల్లు, తర్వాత ఆ పక్కది, ఒక్కో ఇంట్లో చాప మీద కూర్చుని నోటితో చెప్పాలి, గడప దాటుతుంటే ఇరవై ఏళ్లలో మొదటిసారి తెలిసింది, ఆ గుర్తు వాళ్లకు చదువు రాదని పెట్టింది కాదు, వాళ్లతో మాట్లాడే పని తప్పుతుందని నాకోసం నేను పెట్టుకున్నది.